ఐతారం పాఠం

మా పాప పలక మీద రాస్తుంటే వచ్చే సుద్ద వాసనకు, వరంగల్‌లో నా ఒకటో తరగతి గుర్తొస్తుంది.

ఆ వారం టీచర్ మాకు ఏ రోజు పేరు ఆ రోజే నేర్పింది. దూరాన భివండిలో మరమగ్గం నడిపే మా నాయిన, “ఐతారం వస్త బిడ్డా” అని ఫోన్లో చెప్పాడు. శనివారం బడి విడిచే వేళయినా టీచర్ ఆదివారం నేర్పలేదు. నేర్పకపోతే ఆ రోజే రాదనుకుని నాకు ఏడుపొచ్చింది.

“టీచర్, ఐతారం గూడ చెప్పుండ్రి. మా నాయిన వస్తాండు.”

ఆమె నవ్వలేదు. బోర్డు మీద ‘ఆదివారం’ అని రాసి, నా చెయ్యి పట్టుకుని దిద్దించింది.

నాయిన వచ్చాడు. అన్నం కలిపి నోట్లో పెట్టాడు. సాయంత్రమే మళ్లీ రైలెక్కాడు. సోమవారం పేరు ముందే నేర్పేసింది కాబట్టే అది వచ్చిందని, టీచర్‌తో నేను మర్నాడంతా మాట్లాడలేదు.

ఆ ఒక్క పగటి కోసం నాయిన రాత్రంతా రైల్లో నిలబడి వచ్చాడని, ఆయన చనిపోయాక అమ్మ చెప్పింది.