నా కంటికి నీలం

మా కారు మీటరు బోర్డు గులాబీ రంగులో వెలుగుతుంది. ఈ మాట నాది కాదు, చూసినవాళ్ళందరిదీ. నాకు మాత్రం అది నీలం. చీకటి పడ్డాక ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర పక్క ఆటోలోంచి తొంగిచూసి నవ్వేవాళ్ళుంటారు. వాళ్ళ కోసం నేను అద్దం ఎక్కించుకోను. చూస్తే చూడనీ.

ఎరుపు నా కంటికి సరిగా ఆనదు. పుట్టుకతోనే అంతే. మీకు నిప్పులా కనబడే ఎరుపు నాకు మసకబారిన మట్టిరంగు. నల్లటిదాని మీద ఉంటే అదీ కనబడదు. సిగ్నళ్ళతో ఇబ్బంది లేదు, పైది ఆగమని, కిందిది పొమ్మని ఎవరికైనా తెలుసు. కంటి డాక్టరు పరీక్ష చేసి, మరీ తీవ్రమైంది కాదు, బండి నడపొచ్చని రాసిచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్లో నేను ఫిజిక్స్ చెబుతాను. కాంతి పాఠం వచ్చినప్పుడు రంగు సుద్దముక్కలు వరసగా పిల్లలే అందించాలి. సార్‌కి పెత్తనం ఎక్కువని వాళ్ళనుకుంటారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు గనక నేనూ సరిదిద్దను.

మా ఆవిడకి పెళ్ళయిన కొత్తలోనే తెలిసిపోయింది. కాఫీపొడి రంగు చీర కావాలంటే తెచ్చాను. అది ముదురు ఎరుపట. ముందు నవ్వింది, తర్వాత నా ముఖం చూసి ఆగిపోయింది. ఆ తర్వాత ఒకటే మాట అంది, మా వాళ్ళకి చెప్పొద్దని. వాళ్ళది కృష్ణా జిల్లా, ఎప్పుడో వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డారు. కూతురు సూర్యాపేట వైపు అబ్బాయిని ఇష్టపడి చేసుకుందన్న కినుక వాళ్ళకి అప్పటికే ఉంది. దానికి ఇంకొకటి తోడవడం ఆమెకి ఇష్టం లేదు. నేనూ సరేనన్నాను. నా చొక్కాలు ఆమె ఎంచేది. టమాటాలు మాత్రం నేను నొక్కి చూసి కొనుక్కొచ్చేవాణ్ణి.

తర్వాత ఈ పాత కారు కొన్నాం. లైట్లు వేస్తే చాలు, మీటరు బోర్డు మొత్తం నల్లటి నేల మీద ఎర్రటి అంకెలు. అంటే నాకు సాయంత్రమైతే బోర్డే లేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డు మెట్రో లైను కిందే కాబట్టి అక్కడ పొద్దు ఇంకా ముందే గూకుతుంది. మా ఆవిడ పక్కన కూర్చుని, యాభై అయింది, అరవై అయింది అని చెప్పేది. ఒకసారి ఒంటరిగా పెద్ద అంబర్‌పేట్ వైపు వెళ్ళొచ్చాను. నా కారు ఫోటోతో సహా స్పీడు చలాను ఫోనుకొచ్చింది. ఇక సాయంత్రాలు మీరు కారు తీయకండి, బస్సులో వెళ్ళండి అంది మా ఆవిడ. ఒళ్ళు మండింది. కన్ను మార్చుకోలేను, నిజమే. బల్బులు కూడా మార్చుకోలేనా?

ఎల్బీనగర్‌లో కార్ల సామాన్లమ్మే దుకాణానికి కావాలనే ఒక్కణ్ణే వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఒక్క రంగైనా నా కంటితో నేను ఎంచుకోవాలని పంతం పట్టాను. దుకాణదారు రకరకాల బల్బులు వెలిగించి చూపించాడు. అందులో ఒకటి తేటగా, చల్లగా, ఎంత బాగుందో చెప్పలేను. ఇదే ఇవ్వమన్నాను. అతను నన్నూ బల్బునీ మార్చి మార్చి చూశాడు.

"ఇదేనా సార్? పక్కానా? ఇంట్ల ఒకసారి అడుగుండ్రి."

ఆ ఇంట్ల అన్న మాటే కొంప ముంచింది. అడిగేదేం లేదు, కాళ్ళ దగ్గర పెట్టుకునే లైటు పట్టీలు, పైన లోపలి దీపం కూడా ఇదే రంగులో ఇవ్వమన్నాను.

ఆదివారం డైనింగ్ టేబుల్ మీద పాత పేపర్లు పరిచి పని మొదలుపెట్టాను. బ్యాటరీ తీగ విప్పాను. ప్లాస్టిక్ బిగింపులు విరగకుండా మీటరు బోర్డు ఊడదీశాను. ముళ్ళు ఎక్కడున్నాయో అక్కడే మళ్ళీ పెట్టాలి, లేకపోతే ఆగి ఉన్న బండి కూడా ఇరవైలో పోతున్నట్టు చూపిస్తుంది. అందుకని ముందే గుర్తులు పెట్టుకున్నాను. వెనక ఉన్న పలకకి నూకగింజలంత బల్బులు అతికించి ఉంటాయి. కాలేజీ రోజుల్లో రేడియోలు బాగుచేసిన సోల్డరింగ్ ఐరన్‌తో ఒక్కొక్కటీ పీకి, కొత్తవి అతికించాను. వేలు కాలింది. ఇంట్లో అంతా కాలిన వాసన. ఆ పూట భోజనాలకి వచ్చిన అత్తగారు, బావమరిది ముక్కు మూసుకుని వరండాలో కూర్చున్నారు. అన్నీ బిగించి సాయంత్రం అందర్నీ కిందికి పిలిచి తాళం తిప్పాను. అంకెలు స్పష్టంగా, ముళ్ళు స్పష్టంగా కనిపించాయి. సంతోషంతో వెనక్కి తిరిగాను.

బావమరిది నవ్వాడు.

"బావగారూ, ఇంత గులాబీ రంగేంటండీ? పెళ్ళివాళ్ళ బస్సులా ఉంది."

"గులాబీ ఏంది? నీలం గద," అన్నాను.

మా ఆవిడ తల దించుకుంది. అప్పటికి అర్థమైంది. ఊదాలోనూ గులాబీలోనూ ఉన్న ఎరుపు నా కంటికి జారిపోయి, మిగిలిన నీలమే నాకు కనిపించింది. ఈ పాఠం నేను పిల్లలకి ఏటా చెబుతాను.

నా నీలం మాటతో కంటి సంగతి బయటపడి, పైకి వెళ్ళాక పంచాయితీ మొదలైంది. ఇన్నేళ్ళూ ఈ మాట చెప్పలేదేమని అత్తగారు కూతుర్ని అడిగారు, నన్ను కాదు. బావమరిది ఫోనులో వెతికి, తండ్రికి ఉంటే ఇది కూతురిలో బయటపడదు గానీ ఆ కూతురికి పుట్టే మగపిల్లలకి రావచ్చని చదివి వినిపించాడు. నిజమే, కాదనలేదు. మా అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం. రేపు సంబంధాలు చూడాల్సిన పిల్ల ఉన్న ఇంట్లో ఈ మాట గడప దాటకూడదని, ముందు ఆ బల్బులు తీయించమని అత్తగారు తేల్చారు. తనకి తెలిసిన మెకానిక్ ఉన్నాడు, మామూలు తెల్లవి వేయిస్తానని బావమరిది అన్నాడు.

తెల్లవైనా నాకు కనబడతాయి. ఆ సంగతి నాకు తెలియక కాదు. కానీ అప్పటికది బల్బుల విషయం కాదు. నా కన్ను తప్పు చేసినట్టు, దాన్ని మూసిపెట్టి పిల్ల పెళ్ళి చేయాలన్నట్టు మాట్లాడుతుంటే ఎందుకు ఊరుకోవాలి?

"రంగు మార్చ. ఎవలడిగినా ఉన్నదే చెప్త," అన్నాను. "మనవడికి వస్తే వచ్చింది. ఆని బల్బులు ఆడే మార్చుకుంటడు."

మా అమ్మాయి పక్కగదిలోకి వెళ్ళి నవ్వుకుంది. మా ఆవిడ నవ్వలేదు. మర్నాటి నుంచి తను పనిచేసే స్కూలుకి బస్సులో వెళ్ళడం మొదలుపెట్టింది. మాట్లాడేది, వడ్డించేది, కారు మాత్రం ఎక్కేది కాదు. ఎవరికైనా చెప్పేస్తారేమోనని భయంగా ఉందని మాత్రం ఒకసారి అంది. చెబుతాననే అన్నాను. సెంటర్లో తోటి లెక్చరర్లు ఏందన్నా ఈ డిస్కో అని ఏడిపిస్తే చెప్పాను కూడా. ఒకతను, అయితే స్టాఫ్‌రూంలో నీ సీసా మూత ఏ రంగో చెప్పు అన్నాడు. నీ మొహం రంగే అన్నాను. సాయంత్రాలు ఒక్కణ్ణే స్పీడు చూసుకుంటూ హాయిగా నడుపుకుంటూ వచ్చేవాణ్ణి. హాయి అన్నాను గానీ పక్కసీటు ఖాళీగా ఉండటం బాధగానే ఉండేది.

తర్వాత నాగోలు వైపు ఓ హాల్లో వాళ్ళ బంధువుల ఓణీల వేడుక జరిగింది. భోజనాలు, కబుర్లు అయ్యేసరికి పొద్దుగూకింది. విజయవాడ నుంచి వచ్చిన మా ఆవిడ పెదనాన్నగారిని వనస్థలిపురంలో మా అత్తగారింట్లో దింపాలి. వాళ్ళింట్లో ఏ సంబంధమైనా ఆయన మాట లేనిదే కుదరదు. ఆయన ముందు కూర్చున్నారు. మా ఆవిడ వేరే దారి లేక, చాలా రోజుల తర్వాత మా కారెక్కి, వెనక అమ్మాయి పక్కన కూర్చుంది. లైట్లు వేశాను. పెదనాన్నగారు బోర్డునీ, కాళ్ళ దగ్గర పట్టీలనీ, పైన దీపాన్నీ చూసుకుంటూ పోయి చివరికి నన్ను చూశారు.

"ఏంటి అల్లుడుగారూ, ఈ రంగు?"

జవాబు నా నాలుక మీదే ఉంది. వెనక నుంచి మా ఆవిడ ముందుకు వంగింది. ఆపడానికే అనుకున్నాను.

"ఆయనకి ఎరుపు కనపడదు పెదనాన్నా, పుట్టుకతోనే. ఆయన కంటికి ఆనే రంగు ఆయనే చూసి పెట్టుకున్నారు," అంది.

ఆయన గొంతు తగ్గించి, నేను పక్కన లేనట్టే, పెళ్ళి కావాల్సిన పిల్ల ఉంది, ఇలాంటివి బయటికి పొక్కకుండా చూసుకోవాలి కదమ్మా అన్నారు.

"పొక్కనివ్వండి," అంది మా ఆవిడ. "ఇన్నాళ్ళూ దాచింది నేను, ఆయన కాదు. ఇప్పుడు చెబుతున్నదీ నేనే."

ఇల్లు రాగానే ఆయన దిగి, మెట్లెక్కి, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయారు. ఆయన కోపం ఎంతకాలం ఉంటుందో, ఎవరెవరికి చేరుతుందో మాకు తెలుసు. మా ఆవిడ వెనక సీట్లోంచి దిగి, ముందు తలుపు తీసి నా పక్కన కూర్చుంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. అదీ దాచేది లేదు, ఇక్కడ రాస్తున్నాను.