రెయినేరియో తర్వాత ఎవరు?

తెల్లవారగానే ఒబ్దూలియా బాల్కనీలోకి వస్తుంది. గుడ్డ వడపోతలోంచి కాఫీ చుక్కచుక్కగా దిగుతుంటే, ఆ రోజు చేయబోయే పనులన్నీ పక్కింటికి వినబడేలా చెప్పుకుంటుంది. మొదట కాఫీ. ఆ తర్వాత కోడికి నూకలు. కోడి తిన్నాక జుట్టు ముడి. ముడి వేసుకున్నాక రొట్టె కోసం కిందికి. రొట్టె తెచ్చాక, ఎండ గోడ దాకా రాకముందే బట్టలు.

పక్కింటి బాల్కనీలో సెలూన్ రెయినేరియో కూర్చుని ఇదంతా వింటాడు. "కోడికంటే ముందు ముడి వేసుకుంటే ఏమవుతుందమ్మా? సియెన్‌ఫ్వేగోస్ ఊరంతా సముద్రంలో కలిసిపోతుందా?" అని ఒక్కోసారి అడుగుతాడు.

"ముడి వేసుకున్నాక వంగితే ఊడిపోతుంది" అంటుంది ఆమె.

ఒబ్దూలియా ఇంట్లో గడియారం లేదు. చొక్కాలు కుట్టే కార్ఖానాలో ముప్పై రెండేళ్లు పనిచేసింది. అక్కడ భుజాలు కలిపాక కాలర్, కాలర్ తర్వాత చేతులు, బొత్తాలు అన్నిటికన్నా ఆఖరు. కార్ఖానా వదిలేశాక చొక్కాలు పోయాయి, వరుస మాత్రం మిగిలింది. ఏ కబురైనా మొదటి నుంచి చెప్పాల్సిందే. పోస్ట్‌మ్యాన్ కాలు విరిగిన సంగతి చెప్పాలన్నా, ఆ పొద్దున అతను ముందుగా ఏ వీధిలోకి వెళ్లాడో అక్కడ మొదలుపెట్టింది. "ముందు కాలు విరగ్గొట్టవే తల్లీ, వీధులు తర్వాత తిరుగుదాం" అని మా వీధి ఆడవాళ్లు ఒకటే నవ్వు.

మూడేళ్ల కిందట ఒక మే నెలలో ఆమె గ్యాస్ బండ ఖాళీ అయింది. నెలన్నరగా లారీ రాలేదు. వీధిలో చాలా పొయ్యిలు అప్పటికే చల్లబడ్డాయి. మామూలు రోజుల్లో ఆమె పెద్దగా పట్టించుకునేది కాదు. కానీ మర్నాడు సాంతా క్లారా నుంచి అక్క దిగ్నా వస్తోంది. అమ్మ కుట్టుమిషను ఎవరికి రావాలన్న దాని మీద అక్కాచెల్లెళ్లకు నాలుగేళ్లుగా మాటల్లేవు. చివరికి దిగ్నానే ఫోన్ చేసింది. "వస్తాను. కానీ అమ్మ చేసే ఫ్లాన్ ఉండాలి. లేదంటే గుమ్మంలోంచే తిరిగి వెళ్తాను" అంది. మాడ్చిన చక్కెర పోసిన డబ్బాలో గుడ్లు, చిక్కటి పాలు కలిపి ఉడికిస్తే ఫ్లాన్. పాల డబ్బా కోసం ఒబ్దూలియా ఊరంతా తిరిగింది. గుడ్లు కోడి ఇచ్చింది. ఇక పొయ్యి వెలగడమే మిగిలింది.

ఆ రోజు గ్యాస్ లారీ వస్తుందన్నారు. మా ఊళ్లో సరుకు వచ్చేదాకా ఒకరి వెనక ఒకరు నిలబడి ఉండే అలవాటు లేదు. వచ్చినవాళ్లు "ఆఖరు ఎవరు?" అని కేకేస్తారు, ఎవరో చెయ్యెత్తుతారు. ఆ ముఖం గుర్తుపెట్టుకుని, ఇంకొకరు వచ్చి అడిగితే మనం చెయ్యెత్తి, ఎవరి పని మీద వాళ్లు పోవచ్చు. మర్యాదంతా ఆ చేతిలోనే ఉంది.

లారీ రాకముందు పెద్ద వాన కొట్టింది. వాన వెలిశాక లారీ వచ్చింది. దాంట్లో ఇరవై బండలే ఉన్నాయి. అరుగుల మీంచి, వసారాల కిందినుంచి జనం వచ్చి ఒకరి వెనక ఒకరు చేరారు. పంతొమ్మిది మంది దాకా పేచీ లేదు. పంతొమ్మిదోవాడు రెయినేరియో. అతని తర్వాత నేనంటే నేనని ఇద్దరు ముందుకొచ్చారు. ఒకరు ఒబ్దూలియా. రెండోది ఎదురింటి మిస్లేదిస్, చంకలో ఆరు నెలల పిల్ల.

"ఎవరు ముందు అడిగారో చెప్పవయ్యా!" అన్నారు జనం.

"నేను డొమినో ఆడుకుంటున్నాను. ఎవరో అడిగారు, చెయ్యెత్తాను. మళ్లీ ఎవరో అడిగారు, మళ్లీ ఎత్తాను" అన్నాడు రెయినేరియో.

"అది చెయ్యా, జెండానా?"

లారీ మనిషి సిగరెట్ వెలిగించాడు. "ఇది అయిపోయేలోపు తేల్చుకోండి. లేకపోతే ఈ బండ పక్క పేటకి పోతుంది."

"ఒబ్దూలియాని చెప్పమనండి, పొద్దున్నుంచీ పూస గుచ్చినట్టు చెబుతుంది" అన్నారెవరో.

"అలాగైతే సిగరెట్ చాలదు బాబూ, చుట్ట వెలిగించుకో" అన్నాడు రెయినేరియో.

మిస్లేదిస్ పిల్లని ఇంకో చంకకి మార్చుకుంది. "చెప్పు అత్తా. పళ్లొస్తున్నాయని ఇది నన్ను కునుకు తియ్యనివ్వలేదు. పొద్దున ఏం జరిగిందో నాకేం గుర్తులేదు. నువ్వెంత చెబితే అంత."

ఒబ్దూలియా గొంతు సవరించుకుంది. "లేవగానే నీళ్లలో ముంచే కరెంటు తీగతో గ్లాసుడు నీళ్లు కాచి, మొదట కాఫీ పెట్టాను. కాఫీ దిగాక కోడికి నూకలు వేశాను. అది తిన్నాక ముడి వేసుకుందామని బాల్కనీలో నిలబడ్డాను. పిన్ను నోట్లో ఉంది. అప్పుడు..."

ఆగిపోయింది. ఆమె కథ మధ్యలో ఆగడం మా వీధి ఎన్నడూ చూడలేదు. పోస్ట్‌మ్యాన్ కాలు దగ్గర కూడా ఆగలేదు.

"ముడి వేసుకున్నాక కిందికి దిగాను" అంది గబగబా.

"ఉండమ్మా" అన్నాడు రెయినేరియో. రోజూ వినేవాడు కదా. "పిన్ను ఇంకా నీ నోట్లోనే ఉంది. అప్పుడేమైంది?"

సిగరెట్ సగానికి వచ్చింది. ఒబ్దూలియా తన ఖాళీ బండ వంక చూసింది. తర్వాత చంటిదాని వంక చూసింది. అది నోట్లో పిడికిలి పెట్టుకుని కొరుక్కుంటోంది.

"పిన్ను నోట్లో ఉన్నప్పుడు ఈ అమ్మాయి పిల్లనెత్తుకుని వచ్చింది. ఆఖరెవరని అడిగింది, నువ్వు చెయ్యెత్తావు. అది రొట్టెకి పోయింది. ఆ తర్వాతే నేను ముడి వేసుకుని దిగాను. దిగి అడిగితే మళ్లీ ఎత్తావు కదరా, దున్నపోతా!"

ఇరవయ్యో బండ మిస్లేదిస్‌ది అయింది. లారీ వెళ్లిపోయింది. ఒబ్దూలియా ఖాళీ బండని తోపుడుబండి మీద పెట్టుకుని మెట్ల దాకా వచ్చేసరికి, మిస్లేదిస్ దారికి అడ్డంగా నిలబడి ఉంది.

"గుడ్లు పట్టుకురా అత్తా."

"పరాయి పొయ్యి మీద మా అమ్మ ఫ్లాన్ చెయ్యను."

"నువ్వు చెయ్యకు. నేను చేస్తా. పొయ్యి నాది, వరుస నీది."

ఆ మధ్యాహ్నం ఎదురింటి కిటికీలోంచి ఒబ్దూలియా గొంతు వీధి చివరిదాకా వినబడింది. "పాలు తర్వాతే! ముందు చక్కెర! అది ఎర్రబడ్డాక డబ్బా తిప్పు... ఇప్పుడు కాదే, ఎర్రబడ్డాక!"

మర్నాడు దిగ్నా వచ్చింది. ఒక ముక్క తిని, "అమ్మ చేసినట్టు లేదు. ఏ పొయ్యి మీద చేశావు?" అంది. ఒబ్దూలియా కాఫీ, కోడి దగ్గర మొదలుపెట్టింది. కథ వాన దాకా వచ్చేసరికి దిగ్నా మూడో ముక్కలో ఉంది.

"నాలుగేళ్లలో నువ్వేం మారలేదు" అంది, పళ్లెం ముందుకు జరుపుతూ. "వాన వెలిశాక?"

ఒబ్దూలియాకి ఇప్పుడు డెబ్బై మూడేళ్లు. గ్యాస్ వచ్చే రోజున వీధి మూల మీద ఆమెకో కుర్చీ వేస్తారు, అడిగినవాళ్లందరి వరుసా ఆమే చూస్తుంది. వరుస చూసేది తనే అయినా, పోయిన నెల ఆమెది పదహారో వంతే.