కుప్పింటాకులో సున్నం

ఈపూరులో మా అత్తయ్య చీముగడ్డలకు కుప్పింటాకు నూరి కట్టేది. నరసరావుపేటలో నేను పాఠాలు చెప్పే కాలేజీ ల్యాబులో, చీము పుట్టించే బ్యాక్టీరియాను గాజు ప్లేటులో పరిచి, దాని మీద ఆ ఆకురసం వేసి చూశాను. మర్నాటికి బ్యాక్టీరియా ప్లేటంతా పెరిగింది.

ఫోన్ చేసి అత్తయ్యకు చెప్పాను.

"ఏమే, సున్నం కలపలా?"

"ముందే చెప్పొద్దా?"

"చెప్పేదేముంది? ఎవరైనా కలుపుతారు."

సున్నం కలిపి మళ్లీ పెట్టాను. ఈసారి రసం వేసిన చోటు చుట్టూ బ్యాక్టీరియా లేని వలయం ఏర్పడింది. అనుమానం వచ్చి, ఆకు లేకుండా ఉత్త సున్నం వేశాను. అదే వలయం, అంతే వెడల్పు. అలాంటప్పుడు ఆకెందుకని అత్తయ్యను నిలదీశాను.

"ఉత్త సున్నం పూస్తే మంటెత్తి తోలు లేచిపోద్ది. నీ ప్లేటుకేం, దానికి తోలుందా?"