ఎంగిలి సాకే

ఆ రోజుల్లో నాకు రెండే భయాలు. ఒకటి వీసా, రెండు అంకుల్. వీసా సంగతి లాయర్ చూసుకునేవాడు, అంకుల్ సంగతి మాత్రం నేనే చూసుకోవాలి. అంకుల్ అంటే ఇప్పటి మా మామగారు. గోదావరి జిల్లా నుంచి అమెరికా వచ్చి శాన్ రామన్‌లో స్థిరపడ్డ మనిషి. నేనేమో కరీంనగర్ నుంచి వచ్చి, శాంటా క్లారాలో ముగ్గురు రూమ్మేట్లతో ఒకే ఫ్రిజ్ పంచుకుంటున్న కుర్రాణ్ణి. వాళ్ళమ్మాయి నన్ను చేసుకుంటానంది. ఆంటీ రెండోసారి పప్పు వడ్డించి తన సమ్మతి తెలిపారు. ఇక అంకుల్ ఒక్కరే ఔననాలి. ఆయన ఔననరు, కాదనరు, "ఊఁ" అంటారు. ఆచారాల పట్టింపు పెద్దగా లేదు కానీ ఎంగిలి దగ్గర మాత్రం ససేమిరా. కన్నకూతురు చిన్నప్పుడు తన ఐస్‌క్రీమ్ ఒక్క చెంచా పెట్టబోతే, వద్దని లేచి వెళ్ళి వేరే కప్పు కొనుక్కున్నారట.

"ఇంట్లో కూర్చుంటే మీరు ఇద్దరు టీవీ చూస్తారు, మాట్లాడరు. నేను సాకే టేస్టింగ్ బుక్ చేశా. నేను డ్రైవ్ చేస్తా, సో మీరు ఒక ఫ్లైట్ షేర్ చేస్కోండి," అంది వాళ్ళమ్మాయి, ఇక్కడే పుట్టిన పిల్ల కనుక తనకొచ్చిన తెలుగులో. (సాకే అంటే జపాన్ వాళ్ళు బియ్యంతో చేసే మద్యం. నాకు తెలిసిన ఫ్లైట్ ఒక్కటే, హైదరాబాద్ వెళ్ళేది. ఇక్కడ చెక్క పలక మీద వరసగా పెట్టిన మూడు చిన్న గ్లాసుల్ని కూడా అలాగే అంటారని ఆ రోజే తెలిసింది.) మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళి ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఫోన్ వచ్చిందంటూ బయటికి వెళ్ళిపోయింది.

"అలవాటుందా బాబూ?" అన్నారు అంకుల్. చెమటలు పట్టాయి. ఉందంటే తాగుబోతుని, లేదంటే నలుగురిలో కలవనివాణ్ణి. "అకేషనల్‌గా అంకుల్" అన్నాను. ఆయన "ఊఁ" అన్నారు. ఇంతలో అక్కడ సాకే పోసే అమ్మాయి వచ్చి మొదటి గ్లాసు చూపించింది. దీన్ని జున్‌మై అంటారట, బియ్యం, నీళ్ళు, పులియబెట్టే బూజు తప్ప ఇంకేమీ కలపరట. ముందు వాసన చూడాలి, తర్వాత చిన్న గుక్క నాలుక మీద తిప్పాలి అని వివరంగా చెప్పింది. అంకుల్ శ్రద్ధగా విని, తల వెనక్కి వాల్చి, గ్లాసుని జానెడెత్తున పట్టుకుని గొంతులోకి ధారగా ఎత్తి పోసుకున్నారు. సగం ఉంచి నాకిచ్చారు. మర్యాద తెలిసినవాణ్ణని నిరూపించుకోవడానికి ఇంతకన్నా మంచి అవకాశం ఎక్కడ దొరుకుతుంది? నేనూ తల వాల్చి ఎత్తి పోసుకున్నాను. కొంత నోట్లో పడింది, మిగిలింది కొత్త చొక్కా కాలరులోకి పోయింది. ఆ అమ్మాయి కళ్ళప్పగించి చూస్తూ ఉండిపోయింది.

"ఎలా ఉంది?" అన్నారు అంకుల్. "గంజిలాగ, అంకుల్." "ఊఁ." రెండోదాని పేరు గింజో. బియ్యపు గింజని బాగా అరగదీసి చేస్తారు, ఎంత అరగదీస్తే అంత ఖరీదు అంది ఆ అమ్మాయి. "ముడి బియ్యం తినమని నా డాక్టర్ చంపుకు తింటుంటే, వీళ్ళు చూడు!" అన్నారు అంకుల్. అదీ ధారగానే దిగింది. దోసపండు వాసన వస్తుందని చెప్పింది గానీ, అంత ఎత్తునుంచి పోసుకుంటే ఏ పండు వాసన తెలుస్తుంది? పైగా భయానికి పొద్దున్నుంచి ఏమీ తినలేదేమో, ఆ రెండు సగాలూ తిన్నగా తలకెక్కాయి.

మూడోది నిగోరి. సరిగా వడకట్టరట, తెల్లగా మడ్డిగా ఉంది. "ముందు నువ్వు కానీ" అన్నారు అంకుల్. తల తిరుగుతున్న నేను ఎత్తడం మరిచిపోయి, పెదవులు ఆనించి చప్పరించాను. ఎంగిలి చేశానే అని గుండె గుభేలుమనే లోపలే నోరు జారింది.

"అచ్చం కల్లు లెక్కనే ఉన్నది అంకుల్!"

"కల్లు తాగావా నువ్వు?"

ఇక దాచడానికేముంది! "చిన్నప్పుడు అంకుల్... మా తాత పోసిండు, మోదుగాకు డొప్పల. ఒక్క గుక్కనే. పుల్లగ, తియ్యగ..." పెళ్ళి తప్పిపోయిందని అర్థమైపోయింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. తాత గుర్తొచ్చినందుకో, పిల్ల చెయ్యి జారిపోతున్నందుకో తెలియలేదు.

అంకుల్ నా చేతిలోంచి గ్లాసు లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆయన ముఖం మారిపోయింది. "కల్లేవిటయ్యా! తరవాణి ఇది. అన్నంలో గంజి పోసి కుండలో పులవబెట్టేది మా అమ్మ. ఎండలో ఆడుకొచ్చేసరికి ఇంత ఉప్పేసి ఇచ్చేది" అంటూ గ్లాసుకి పెదవులు ఆనించి ఒక గుక్క తాగారు. కళ్ళు మూసుకుని మరో గుక్క తాగారు. "తరవాణే!"

"కల్లే అంకుల్, మళ్ళ చూడుండ్రి!"

సరిగ్గా అప్పుడే వాళ్ళమ్మాయి తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "డాడ్! అది తన గ్లాస్!"

"ఉండమ్మా, ఇతనితో మాట్లాడుతున్నా" అన్నారాయన గ్లాసు వదలకుండా. ఆ పిల్ల నా పక్కన కూర్చుని బల్ల కింద నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తనకీ కళ్ళు తడిశాయి.

ఆ వాదన ఇంకా తెగలేదు. తెగదు కూడా, ఎందుకంటే తరవాణి నేనెప్పుడూ తాగలేదు, కల్లు ఆయనెప్పుడూ ముట్టలేదు. ఈ మధ్య డాక్టర్ ఆయనకి చుక్క కూడా వద్దన్నాడు. మొన్న ఆదివారం నేను నిగోరి తెస్తే, గ్లాసు వాసన చూసి నాకిచ్చి, "తాగి చెప్పు" అన్నారు. చుక్క ముట్టలేని మనిషి మీద గెలవబుద్ధి కాలేదు. "తరవాణే మామయ్యా" అన్నాను. ఆయన మాత్రం, "కాదులే, మీ తాత కల్లే అయ్యుంటుంది" అన్నారు.

నాకిప్పుడు బట్టతల, కొంచెం బొజ్జ. నచ్చాలని ఎవరి ముందూ తల వెనక్కి వాల్చనక్కర్లేదు. అయినా కాలరు తడుపుకున్న ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. పాపం, ఒక్క మనిషికి నచ్చడానికి ఎంత తాపత్రయపడ్డాడు!