పూజనాడు ఆపిన పెట్టె

కోయంబత్తూరులో తను పనిచేసే స్పిన్నింగ్ మిల్లు మూతబడ్డాక అయ్యసామి ఓ కాలేజీ ల్యాబులో అటెండరుగా చేరాడు. మనిషి మొండి, చెయ్యి మాత్రం శుభ్రం. మిషన్ మీద దుమ్ము కనబడితే ఆయనకు అన్నం సహించదు.

ఆ ల్యాబులో చదివే నిత్య, తన జట్టుతో కలిసి, లోకంలో లేని ప్రాణిని తయారుచేసింది. కొత్త జీవాలను పుట్టించేవాళ్ళకు పోటీ కూడా ఉందట, ఏం కాలం వచ్చిందో! వీళ్ళది అద్దకం నీళ్ళలోని రంగును తినేసే సూక్ష్మజీవి. కరెంటుతో నడిచే వెచ్చటి పెట్టెలో, గాజుసీసాలో పెరుగుతోంది. ఆయన ఇంట్లోలాగే నిత్య ఇంట్లోనూ తెలుగే కాబట్టి అయ్యసామి దగ్గర చనువెక్కువ.

"బియ్యం కడిగిన నీళ్ళ మాదిరి ఉండాది. దీనికి ఉసురా అమ్మిణీ?" అని ఆయన నవ్వేవాడు.

"ఉసురే తాతా. నమ్మండి," అనేది నిత్య.

ఆయుధపూజకు పిల్లలంతా ఇళ్ళకు పోయారు. మిల్లులో ఆరోజు మిషన్లన్నీ ఆపి, తుడిచి, చందనం కుంకుమ పెట్టేవాళ్ళు. మర్నాటిదాకా ఎవరూ ముట్టరు. ఏడాదంతా చాకిరీ చేసినదానికి ఒక్కరోజు విశ్రాంతి ఇవ్వనివాడు మనిషేనా? అయ్యసామి వెచ్చటి పెట్టెనూ ఆపాడు. బొట్టు పెట్టి, మరమరాలు నైవేద్యం పెట్టి, ఈ పిల్లలు గెలవాలని మొక్కుకున్నాడు పాపం. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే.

మర్నాడు పోటీ జడ్జీలు కంప్యూటర్‌లో చూస్తుండగా ఆ జీవి ఎర్రనీళ్ళను తేటగా మార్చాలి. నిత్య పెట్టె తెరిచేసరికి లోపల చల్లగా ఉంది. సీసా అడుగున మడ్డి పేరుకుంది.

"ఎవురు ఆఫ్ చేసినారు తాతా?"

"నేనే. పూజ గదా అమ్మిణీ."

నిత్య స్టూలు మీద కూలబడింది. "అది తప్పించుకొని ఏట్లో పడినా బతక్కుండా, చల్లబడితే చచ్చేమాదిరి మేమే చేసినాము. మీకు చెప్పి ఉండాల. తప్పు మాదే."

నాలుగు తిట్టి ఉంటే ఆయనకు కాస్త ఊపిరాడేది. జడ్జీలు తెరమీదికి వచ్చారు, చూశారు. ఎర్రనీళ్ళు ఎర్రగానే ఉన్నాయి. పోటీ పోయింది.

సాయంత్రం ఆ సీసాలో క్రిములను చంపే మందు కలిపి పారబోయడం అయ్యసామి పని. తొట్టి దగ్గర నిలబడ్డాడే గానీ చెయ్యి వంగలేదు.

"మళ్ళా పుట్టించలేమా అమ్మిణీ?"

"ఇంకోటి చెయ్యొచ్చు తాతా. ఇది రాదు."

"మిషన్‌కు మొక్కితిని. లోపల ఉండే ఉసురును చూడకపోతిని," అన్నాడు.

నిత్యే ఆయన చేతిలోంచి సీసా తీసుకుని తొట్టిలో ఒంపింది.