రేణిగుంట రోడ్డు పక్కన కొవ్వు కొలతలు

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, శివరాత్రి వెళ్ళిన కొద్ది రోజులకు, నన్ను తిరుపతిలో ఒక సర్వేకు డెప్యుటేషన్ మీద వేశారు. అప్పటికి నేను ఆరోగ్య పర్యవేక్షకుణ్ణి. అంటే ఇంటింటికీ తిరిగే కార్యకర్తలకు పైన, వైద్యాధికారికి కింద. బండ్ల పొగ రోజూ పీల్చే పెద్దవాళ్ళ ఒంట్లో కొవ్వు ఎక్కువగా చేరుతుందా అన్నది తేల్చవలసిన సంగతి. రేణిగుంట రోడ్డు పక్కన పనిచేసేవాళ్ళు ఒక జట్టు, రోడ్డుకు దూరంగా ఉన్న వీధులవాళ్ళు ఇంకో జట్టు. నడుముకు టేపు చుట్టి కొలిచి, ఉత్తకాళ్ళతో కొవ్వు మిషన్ మీద నిలబెట్టేవాళ్ళం.

వీధులవాళ్ళు పొద్దున్నే ఇళ్ళలో దొరికేవారు. రోడ్డు పక్కవాళ్ళకు మధ్యాహ్నం మూడు దాటితేగాని తీరిక లేదు. వారంలోనే తేడా కనబడింది. రోడ్డువాళ్ళ అంకెలు ఎక్కువ. సర్వే నడిపే డాక్టరమ్మ సంతోషించింది, నేనూ సంతోషించాను.

లారీల కమాను కట్టలు బాగుచేసే ఖాదర్ బాషా అంకె హద్దు దాటింది. అంకె అక్కడికక్కడే చెప్పకూడదని నిబంధన. పట్టుబట్టి అడిగాడని చెప్పేశాను, పొగ వల్లనే అయ్యుంటుందని కూడా అన్నాను.

“నాకు కొవ్వెక్కిందని మా ఇంట్లో ఆమె రోజూ తిడతానే ఉండాది సార్. ఇప్పుడు మీ మిషను గూడా ఆమె పక్కనే చేరిందా?” అని నవ్వాడు.

రెండు రోజుల తర్వాత అటు వెళితే ఆ నవ్వు లేదు. “ఈ పొగ వల్లనే అంటిరి గదా సార్. పండగ అయినాక అంగడి బామ్మర్దికి ఇచ్చేసి పలమనేరు పోతా ఉండాం” అన్నాడు. ముప్పై ఏళ్ళుగా నడిపిన అంగడి అది. తొందరపడొద్దని, కూర్చొని మంచినీళ్ళు తాగమని నా సీసా అందించాను.

“రోజా ఉండా సార్. పొద్దు గూకేదాకా నీళ్ళు గూడా ముట్టం.”

సీసా చేతిలోనే ఉండిపోయింది. నా చదువు పదో తరగతి. మిగిలింది గ్రంథాలయం నేర్పింది. అక్కడ విద్యుత్తు గురించిన పుస్తకం రెండుసార్లు చదివాను. కొవ్వు మిషన్ పాదాల గుండా సన్నటి కరెంటు పంపుతుంది. ఒంట్లోని నీరు దాన్ని మోస్తుంది, కొవ్వు అడ్డుకుంటుంది. ఒళ్ళు ఎండితే మిషన్ ఆ అడ్డును కూడా కొవ్వుగానే లెక్క కడుతుంది. మేము కొలిచిన రోడ్డువాళ్ళలో ఎక్కువమంది బాషాలాగే రోజా ఉండి, తెల్లవారకముందు నుంచీ చుక్క నీరు తాగనివాళ్ళు. వీధులవాళ్ళు కాఫీ తాగి మిషన్ ఎక్కినవాళ్ళు.

మళ్ళీ కొలిచేదాకా అంగడి తాళం చెవి ఎవరికీ ఇవ్వొద్దని బాషాకు చెప్పి, నేరుగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మనం కొలిచింది పొగనో దాహాన్నో చెప్పలేమన్నాను. అంకె బయటపెట్టిన తప్పు కూడా ఒప్పుకున్నాను. ఆమె కాసేపు ఫారాల కట్టను చూసి, అన్నిటి మీదా అడ్డంగా గీత కొట్టించింది.

రంజాన్ పండగ వెళ్ళాక రెండు జట్లనూ పొద్దున ఒకే వేళకు మళ్ళీ కొలిచాం. బాషా అంకె హద్దులోకి వచ్చింది. ఈసారి డాక్టరమ్మ అనుమతితో కాగితం మీద రాసిచ్చాను.

“నా కొవ్వు యాడికి పాయె సార్?”

“నీళ్ళు తాగితివి గదా భాయ్.”

“మా ఇంట్లో ఆమెకు ఈ కాగితం సూపించాల” అంటూ సుత్తి అందుకున్నాడు. అంగడి అతని చేతిలోనే ఉంది.

జట్ల మధ్య తేడా బాగా తగ్గింది గాని పూర్తిగా పోలేదు. ఆ మిగిలిన తేడానే డాక్టరమ్మ పైకి పంపింది. పొగ మంచిదని నేను ఎన్నడూ అనను. మనిషి చివరగా ఎప్పుడు తిన్నాడో, ఎప్పుడు నీళ్ళు తాగాడో రాయని ఫారంలో కొవ్వు అంకె రాయకూడదు. ఒక్కసారే కొలిచిన అంకెను ఆ మనిషికి చెప్పకూడదు.