షావుకారు గారి శాకాహారి ఈల్

ఆ రోజుల్లో నాకు జువాలజీ డిగ్రీ ఉండేది, దాన్ని మించిన గర్వం ఉండేది. ఉద్యోగం మాత్రం జగ్గయ్యపేటలో చీరల షాపులో దొరికింది. నందిగామలో పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, సాయంత్రం దాకా చీరలు విప్పడం, మడతపెట్టడం (కొనేవాళ్లకి ఎప్పుడూ అట్టడుగు చీరే కావాలి). ఇంతలో షావుకారు గారి అల్లుడు విశాఖ నుంచి ఉప్పునీళ్ల అక్వేరియం ఒకటి షాపుకి కానుకగా పంపాడు. అందులో పగడపు రాళ్లు, ఆ రాళ్ల సందులో జానెడు పొడవున పసుపుపచ్చటి మోరే ఈల్. చూడ్డానికి పాములా ఉంటుంది గానీ చేపే. వీటిలో మనిషిని మించి పెరిగేవీ ఉన్నాయి, ఇది మరుగుజ్జు జాతి. "జువాలజీ చదివావు కదమ్మా, ఇక ఇది నీ బిడ్డే," అన్నారు షావుకారు గారు.

నా బిడ్డ రోజంతా సందులోంచి మొహం ఒక్కటే బయటపెట్టి నోరు తెరుస్తూ మూస్తూ ఉండేది. అది ఊపిరి తీసుకునే పద్ధతే అంత అని నేనెంత చెప్పినా వినకుండా, పాపం ఆకలేస్తోందని షాపంతా తేల్చేసింది.

"ఏం తింటదమ్మా?" అని అడిగారు షావుకారు గారు.

"పగడపు దిబ్బల్లో అయితే పొద్దు వాలాక వాసన పట్టి చిన్న రొయ్యల్ని, పీతల్ని తింటుందండి. గొంతులో ఇంకో జత దవడలు కూడా ఉంటాయండి!" అన్నాను ఉత్సాహంగా.

ఆయన మొహం మాడిపోయింది. కోడిగుడ్డు పేరెత్తితేనే చెవులు మూసుకునే ఇల్లు వాళ్లది. "మన షాపులో నీచా? కుదరదమ్మా. ఉడికించిన సొరకాయ పెడదాం, అదే అలవాటవుద్ది. దొంగచాటుగా రొయ్యలు తెచ్చావని తెలిస్తే మాత్రం రేపట్నించి రామాక."

రెండు రోజులు సొరకాయ ముక్కలు నీళ్లలో నానాయి, నా బిడ్డ వాటి వంక చూడనైనా లేదు. నాకు ముద్ద దిగలేదు. మూడోరోజు క్యారేజీలో పెరుగన్నం కింద రొయ్యలు దాచి తెచ్చాను (ఆ పెరుగన్నం ఎలా తిన్నానో నాకే తెలుసు). షావుకారు గారు భోజనానికి వెళ్లగానే సొరకాయ తీసేసి, పట్టకారుతో రొయ్య అందించాను. సందులోంచి మెరుపులా వచ్చి లాక్కుంది! తిరిగొచ్చిన షావుకారు గారు ఒక్క ముక్కా మిగల్లేదని పొంగిపోయారు. చీరలు కొనడానికొచ్చిన ప్రతివాళ్లకీ, "మాది శాకాహారి ఈలండి," అని చూపించేవారు. ఈల్ మాత్రం నేను పెట్టేదానికి పొంతన లేకుండా లావెక్కుతోంది. నా పెంపకం మహిమ అనుకున్నాను.

తర్వాత నాకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు మంచం మీద పడి, నా బిడ్డ పస్తులుండి చచ్చిపోతోందని ఏడ్చాను. ఐదోరోజు మొదటి బస్సుకే వెళ్లిపోయాను. షాపు షట్టరు సగమే తెరిచి ఉంది. వంగి లోపలికి చూస్తే, షావుకారు గారు కండువాతో ముక్కు మూసుకుని, మొహం పక్కకి తిప్పుకుని, "గోవిందా, గోవిందా" అంటూ పట్టకారుతో రొయ్య పట్టుకుని నీళ్ల మీదకి వంగి ఉన్నారు.

"చూసేశావా?" అన్నారు నీరసంగా. "సొరకాయ పెట్టిన మూడోరోజు నుంచీ ఇదే పనమ్మా. పొద్దున్నే మన ఆటో అతను తెచ్చిస్తున్నాడు. నోరులేని జీవి, ఆకలితో చస్తే ఆ పాపం నాదేగా! మా ఇంట్లో చెప్పమాక. అయినా మంచిదే పాపం, రొయ్య తిన్నా సొరకాయ కూడా వదిలేది కాదు. ఈ నాలుగు రోజులే ముట్టలా, నీ మీద బెంగేమో."

నవ్వాపుకోలేక నా క్యారేజీ సంగతి చెప్పేశాను. ఆయన కాసేపు నన్నూ, ఈల్‌నీ మార్చి మార్చి చూశారు. తర్వాత కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వి, పట్టకారు నా చేతిలో పెట్టి, చేతులు కడుక్కోవడానికి పరిగెత్తారు.

ఇప్పుడు నేను పిల్లలకి జువాలజీ చెబుతున్నాను. మోరే ఈల్ కొన్నాళ్లు తినకపోయినా ఉండగలదనీ, కొత్తచోట మొదట్లో తిండి ముట్టకపోవచ్చనీ చెప్పేటప్పుడు నాకు నవ్వొస్తుంది. ఆ నాలుగు రోజులూ ఎవరూ ఏమీ పెట్టకపోయినా దానికేమీ అయ్యేది కాదు. కానీ నేను లేకపోతే ఒక ప్రాణం నిలవదని నమ్మి దుప్పటి తడిసేలా ఏడ్చిన ఆ పిల్లంటే నాకెంతో ఇష్టం. అంత నమ్మకంగా ఏడవడం ఈ వయసులో నాకు చేతకావడం లేదు.